పాలు పోసే చేతులదే పెత్తనం

*సూరత్‌లో 1951 నుంచి నడుస్తున్న పాల సంఘం ఒకటి. 2002 ఆగస్టులో చిత్తూరులో తలుపులు మూసుకున్నది ఒకటి. సరిగ్గా అదే నెలలో ముల్కనూరులో తలుపులు తెరిచింది ఇంకొకటి. తిండి చుట్టూ జనం కట్టుకున్న సంఘాల్లో కొన్ని తరాలు దాటుతాయి, కొన్ని మధ్యలోనే చితికిపోతాయి. ఎందుకని?*

తెల్లవారుజామున వ్యారా వైపు ఏ పల్లెలో అడుగుపెట్టినా ముందుగా వినిపించేది స్టీలు క్యాన్ల చప్పుడు. వ్యారా తాపి జిల్లా కేంద్రం. సూరత్‌కు తూర్పున అరవై కిలోమీటర్లు దాటి వెళ్లాలి. చుట్టూ చౌధరి, గామిత్, వసావా గిరిజనుల ఊళ్లు. ‘దూధ్ మండళి’ గది ముందు ఆడవాళ్లు వరుసలో నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో ఐదు లీటర్ల క్యాను, వెనకామె చేతిలో లీటరున్నర పట్టే చెంబు. కిటికీ దగ్గరి టెస్టర్ పాలు తూచి, గరిటెడు తీసి చిన్న సీసాలో పోసి యంత్రం గొట్టం కింద పెడతాడు. ఎర్ర అంకెలు వెలుగుతాయి. చీటీ బయటికొస్తుంది. పాలెన్ని, వెన్న శాతమెంత, డబ్బెంత, అన్నీ అందులోనే. ఆమె చీటీ మడిచి దోపుకునే ముందు ఒక్కసారి తేరిపార చూస్తుంది. నిన్నటికంటే వెన్న తగ్గితే అక్కడికక్కడే నిలదీస్తుంది. నిలదీస్తే టెస్టర్ మళ్లీ పరీక్ష చేసి చూపించాలి. వెనక వరుస ఆగినా సరే.

ఆ పాలు చిల్లింగ్ సెంటర్ మీదుగా ట్యాంకర్లలో సూరత్ చేరతాయి. పొద్దున్నే లింబాయత్, ఉధ్నా, డిండోలీ గల్లీల్లో ‘సుముల్’ ప్యాకెట్లుగా దిగుతాయి. ఆ గల్లీల్లో తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. పాత వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచెల (మరమగ్గాల) పని కోసం వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ వీళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. రాత్రి పాళీ దిగి వచ్చిన నేతన్న తాగే చాయ్‌లో పాలు ఆ గిరిజన మహిళ పోసినవే. వాళ్లిద్దరూ ఎన్నడూ ఎదురుపడరు. అయినా ఆమెకు ఆ ప్యాకెట్ మీద యాజమాన్యం ఉంది, ఓటు ఉంది. అతనికి లేదు. ఈ తేడా సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఐక్యరాజ్య సమితి 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది. 2012 తర్వాత ఈ గౌరవం దక్కడం ఇది రెండోసారి. కేంద్రంలో 2021 నుంచి సహకారానికి విడిగా ఒక మంత్రిత్వ శాఖ ఉంది. సభలు జరుగుతున్నాయి, కొత్త సంఘాలు పెడతామన్న ప్రకటనలూ వస్తున్నాయి. సంఘం పెట్టడం ఎన్నడూ పెద్ద కష్టం కాలేదు. దాన్ని ముప్పై, యాభై, డెబ్బై ఏళ్లు నిలబెట్టడమే కష్టం. తెలుగు నేల మీద కొత్తగా పెట్టిన సంఘాల పక్కనే తాళాలు పడ్డ సంఘాల భవనాలూ కనిపిస్తాయి.

పథకం కంటే ముందే పుట్టింది

సూరత్ ప్రాంతంలో సహకారం నిన్నమొన్నటిది కాదు. ఓల్పాడ్ తాలూకా సోన్సెక్‌లో పత్తి రైతులు 1919లోనే అమ్మకం సంఘం పెట్టుకున్నారు. దళారి చెప్పిన తూకం, దళారి చెప్పిన ధర అన్న పరిస్థితిని తప్పించుకోవడమే వాళ్ల ఉద్దేశం. 1928 సత్యాగ్రహంతో దేశమంతటికీ తెలిసిన బార్దోలీలో 1950ల మధ్యలో చెరకు రైతులు సొంత చక్కెర ఫ్యాక్టరీ కట్టుకున్నారు.

పాల సంగతికొస్తే, దారి చూపింది ఖేడా జిల్లా. పోల్సన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని కాదని 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రైతులు సంఘం పెట్టారు. 1949లో ఇంజనీరు కురియన్ వచ్చి కలిశారు. అదే అమూల్. సూరత్ జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం, అంటే సుముల్, 1951లో పుట్టింది. లాల్ బహదూర్ శాస్త్రి ఖేడా పల్లెలో రాత్రి బస చేసి ఈ పద్ధతి దేశమంతటికీ వెళ్లాలని తలపోసింది 1964లో. జాతీయ పాడి అభివృద్ధి మండలి వచ్చింది 1965లో, ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది 1970లో. పైనుంచి పథకం, గ్రాంటు దిగిరాకముందే సూరత్ రైతులు తమ సంఘాన్ని నడుపుకుంటున్నారు. దాని దీర్ఘాయుష్షుకు ఇది మొదటి కారణమని నా నమ్మకం. గ్రాంటు కోసం పుట్టిన సంఘం గ్రాంటుతోనే పోతుంది.

ఇవాళ సూరత్, తాపి జిల్లాల్లో వెయ్యికి పైగా గ్రామ మండళ్లు, రెండు లక్షలకు పైగా సభ్యులు సుముల్ కింద ఉన్నారు. అడుగున ఊరి మండళి, దాని పైన జిల్లా సంఘం, ఆ పైన 1973లో ఏర్పడిన రాష్ట్ర సమాఖ్య. ఈ మూడంచెల గురించి పాఠ్యపుస్తకాల్లో చాలా ఉంది. ఆ గిరిజన మహిళ మాత్రం మూడు విషయాలే చూస్తుంది. తూకం సరిగ్గా ఉందా, డబ్బు చెప్పిన రోజున పడిందా, ఎక్కువ పాలు తెచ్చిన రోజున వెనక్కి పంపారా.

చలికాలంలో కొన్నవాడే మనవాడు

మూడోదే అన్నిటికంటే ముఖ్యమైనది. చలికాలంలో పశుగ్రాసం పుష్కలం, ఈనిన గేదెలు ఎక్కువ, పాలు పొంగిపొర్లుతాయి. ఎండాకాలంలో బాగా పడిపోతాయి. ప్రైవేటు వ్యాపారి ఎండాకాలంలో ఇంటి ముందుకొచ్చి లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తానంటాడు. చలికాలంలో అదే మనిషి ‘ఇవాళ బండి రాదు’ అంటాడు. పాలు పత్తిలాగా దాచుకునే సరుకు కాదు. పొద్దున పితికినవి మధ్యాహ్నానికి విరిగిపోతాయి. సభ్యురాలు ఎన్ని పాలు తెచ్చినా, ఏ రోజు తెచ్చినా సంఘం తీసుకుని తీరాలి. దానికి పొడి ఫ్యాక్టరీ కావాలి, వెన్న నిల్వ చేసే శీతల గిడ్డంగి కావాలి, వాటికి పెట్టుబడి కావాలి. మంచి ఏడాదిలో వచ్చిన మిగులంతా పంచేసుకుంటే ఈ పెట్టుబడి ఎక్కడి నుంచీ రాదు. నికర లాభంలో నాలుగో వంతు నిల్వ నిధికి పోవాలని సహకార చట్టాలు చెప్పడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

అలాగని అంతా దాచేసినా కుదరదు. గుజరాత్‌లో ఏటా లెక్కలు తేలాక పాలు పోసిన మేరకు సభ్యులకు అదనపు సొమ్ము ఇస్తారు. దాన్ని ‘భావ్ ఫేర్’ అంటారు. ఏడాది పొడుగునా కొంత తక్కువ ధర ఇచ్చి, అమ్మకాల అసలు లెక్క తేలాక మిగిలింది తిరిగిచ్చే పద్ధతి ఇది. వానలు పడే ముందు చేతికందే ఆ సొమ్ము విత్తనాలకు, పిల్లల పుస్తకాలకు, పాత అప్పుకు పోతుంది. ఎండాకాలంలో రెండు రూపాయల ఆశ చూపిన వ్యాపారి వైపు సభ్యురాలు వెళ్లకుండా ఆపేది ఈ సొమ్మే. పాలు బయట పోస్తే ఆ మేరకు భావ్ ఫేర్ తగ్గుతుందని ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు దాణా, పశువైద్యం, కృత్రిమ గర్భధారణ. గేదె పొదుగువాపుతో పడుకున్న రాత్రి డాక్టరు వచ్చాడా లేదా అన్నది లీటరు ధరలో ఎక్కడా కనపడని లెక్క. సంఘం మనదన్న భావం మాత్రం ఎక్కువగా అలాంటి రాత్రులే కలిగిస్తాయి.

> వెన్న లెక్క
> పాలకు లీటరు లెక్కన ధర కడితే నీళ్లు కలిపినవాడిదే లాభం. అందుకే వెన్నకు ధర కడతారు. 6 శాతం వెన్న ఉన్న లీటరు గేదె పాలలో సుమారు 60 గ్రాముల వెన్న ఉంటుంది. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఆ లీటరుకు 48 రూపాయలు. అదే పాలలో నీళ్లు కలిస్తే లీటర్లు పెరుగుతాయి కానీ వెన్న పెరగదు. రెండు గేదెలున్న ఇంటికీ, ఇరవై గేదెలున్న ఇంటికీ ఒకటే యంత్రం, ఒకటే రేటు.

ఒకే ఆగస్టు, రెండు డెయిరీలు

ఇప్పుడు మన ఇంటి సంగతి. చిత్తూరు సహకార డెయిరీ ఒకప్పుడు రాయలసీమ పాడి రైతుకు పెద్ద దిక్కు. కరువు సీమలో చేను ఎండినా ఆవు ఇల్లు నడిపిందంటే, పాలు కొనే చోటు ఉండబట్టే. 1990ల మొదట్లో పాల వ్యాపారంలోకి ప్రైవేటుకు దారులు తెరుచుకున్నాయి. సహకార డెయిరీకి నష్టాలు, బకాయిలు పెరిగాయి. 2002 ఆగస్టు 31న అది మూతపడింది. ఎవరి వల్ల మూతపడిందన్న రాజకీయ వాదన రెండు దశాబ్దాలు దాటినా చల్లారలేదు. 2023లో ఆ స్థలంలోనే అమూల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.

రాజకీయ వాదన పక్కన పెట్టి, నన్ను కలచివేసే ప్రశ్న ఒకటి అడుగుతాను. ఆ డెయిరీ తమదేనని పాలు పోసిన రైతులు నిజంగా అనుకుని ఉంటే, దాన్ని మూయడం అంత తేలికయ్యేదా? మన సహకార డెయిరీల్లో చాలావాటిని రైతు ‘సర్కారు డెయిరీ’ అనే పిలిచాడు. మేనేజరును పైనుంచి వేశారు. ఎన్నికలు వాయిదా వేసి ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టారు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం రిజిస్ట్రారుకు అంత అధికారం ఇచ్చింది. సభ్యుడు పాలు పోసి డబ్బు తీసుకునే అమ్మకందారుగా మిగిలిపోయాడు. అమ్మకందారుకు ఒక కొట్టు మూతపడితే ఇంకో కొట్టు ఉంటుంది. యజమానికి అలా కాదు. కొనడానికి పెద్ద సంస్థ రావడం మంచిదే, ధర పెరిగితే మరీ మంచిది. కానీ రైతు సభ్యుడిగా, ఓటరుగా ఉన్న సంఘం పోయిన లోటు అంతమాత్రాన తీరదు.

సరిగ్గా అదే ఆగస్టులో, అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో మహిళల స్వకృషి డెయిరీ పని మొదలుపెట్టింది. ఆ గడ్డకు అప్పటికే సహకారం అలవాటు. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో 14 ఊళ్ల రైతుల కోసం మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం విత్తనాల దగ్గర నుంచి బియ్యం మిల్లు దాకా రైతు పని మొత్తం భుజాన వేసుకుంది. సహకార వికాస సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టుకున్నారు. నెలనెలా కొంత దాచడం, అప్పు ఇవ్వడం, వసూలు చేయడం, లెక్క చదివి వినిపించడం, తప్పు చేసిన అధ్యక్షురాలిని దింపడం, ఇవన్నీ ఏళ్ల తరబడి అక్కడే నేర్చుకున్నారు. డెయిరీ ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

ఈ క్రమమే కీలకం. చాలాచోట్ల భవనం ముందు వస్తుంది, సభ్యులను తర్వాత వెతుకుతారు. ముల్కనూరులో సభ్యులు ముందు తయారయ్యారు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు కావడంతో సర్కారు వాటా లేదు, కాబట్టి సర్కారు పెత్తనమూ లేదు. సభ్యులంతా ఆడవాళ్లే. గేదె మేపేదీ, పాలు పితికేదీ ఆడమనిషి అయినప్పుడు బిల్లు మగవాడి పేరు మీద ఎందుకు పడాలన్న ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు అది.

> జొన్నలతో అప్పు, జొన్నలతో చెల్లు
> జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో ముప్పైకి పైగా ఊళ్లలో ఇంకో దారి పట్టాయి. బీడు పడ్డ చెలకలను సాగులోకి తేవడానికి రైతుకు అప్పిచ్చారు. తిరిగి కట్టేది డబ్బు కాదు, జొన్నలు, అదీ కొన్నేళ్లలో విడతలుగా. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, పనులు దొరకని వానాకాలపు రోజుల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరంతా కూర్చుని తేల్చారు. రేషన్ దుకాణంలో బియ్యం ఒక్కటే దొరికే రోజుల్లో తినే తిండి తామే పండించుకుని, తామే పంచుకున్నారు.

లోపలి చెదలు

సూరత్‌లో అంతా సవ్యంగా ఉందని రాస్తే అబద్ధం రాసినట్టు. గుజరాత్‌లో పాల సంఘం అధ్యక్ష పదవికి ఎమ్మెల్యే పదవికి ఉన్నంత విలువ ఉంది. లక్షల కుటుంబాలకు క్రమం తప్పకుండా డబ్బు పంపే సంస్థ ఏ పార్టీకి ముద్దు కాదు! సుముల్ 2020 ఎన్నికల్లో పోటీ ప్రధానంగా ఒకే పార్టీ నేతల మధ్య నడిచింది. ఊరి మండళి ప్రతినిధి ఓటు వేసేది పాల ధర చూసి కాకుండా వర్గం చూసి అయినప్పుడు చెదలు పట్టడం మొదలవుతుంది. మార్కెట్లో దెబ్బతిన్న సంఘం రెండేళ్లలో కోలుకోవచ్చు. సర్వసభ్య సమావేశానికి జనం రావడం మానేసిన సంఘానికి కోలుకునే దారి తెలియదు.

ఇంకో చిక్కు వయసుది. చౌధరి ఇంటి పిల్లవాడు చదువుకుని సూరత్ వజ్రాల పనికో, సాంచెలకో, సచిన్ పారిశ్రామిక వాడలో ఫ్యాక్టరీకో వెళ్తున్నాడు. పేడ తీసే పని అతనికి వద్దు. అతన్ని తప్పుపట్టలేం. తల్లి ఓపిక ఉన్నంత కాలం గేదె ఉంటుంది. తర్వాత ఆ సభ్యత్వం ఎవరిది? పాలు పోయని సభ్యులు పేర్లలో మిగిలి, ఓట్లు వేస్తూ ఉంటే సంఘం పైకి నిండుగా, లోపల బోలుగా మారుతుంది. వరుసగా ఇన్ని రోజులు పాలు పోయకపోతే ఓటు లేదన్న నిబంధన కఠినంగా కనిపించవచ్చు. నా మటుకు నాకు అది తప్పనిసరి.

గేటు బయట కోయ్తా

బార్దోలీ చెరకు రైతుకు సంఘం మేలు చేసింది. ఆ చెరకు కొట్టేవాళ్లకు? దసరా, దీపావళి దాటగానే డాంగ్ నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి గిరిజన జంటలు ముకాదం (కూలీలను కుదిర్చే మేస్త్రీ) దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తాయి. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక ‘కోయ్తా’గా లెక్కిస్తారు. కోయ్తా అంటే చెరకు కొట్టే కత్తి. పొలం గట్టున ప్లాస్టిక్ పట్టా గుడిసెలో పసిపిల్లలతో ఎండాకాలం దాకా ఉంటారు. డచ్ సమాజ శాస్త్రవేత్త యాన్ బ్రెమాన్ 1960ల నుంచి దక్షిణ గుజరాత్‌లో తిరిగి, ఈ కూలీల బతుకు గురించి 1978లోనే వివరంగా రాశారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు విడిచిన పాలమూరు కూలీ కథ తెలిసిన మనకు ఇందులో ఏదీ కొత్త కాదు.

ఫ్యాక్టరీ సహకార సంఘమే. కానీ కోయ్తాకు అందులో వాటా లేదు, ఓటు లేదు. యజమానులు నలుగురైనా, నాలుగు వేల మందైనా కూలీకి వాళ్లు యజమానులే. సంఘం ఎన్నేళ్లు నిలిచిందన్న లెక్కతో పాటు, దాని చెమటలో భాగం ఉన్నవాళ్లలో ఎంతమందిని లోపలికి రానిచ్చిందన్న లెక్క కూడా రాయాలి. డెబ్బై ఏళ్ల గర్వం ఈ రెండో లెక్క లేకుండా నాకు నిండుగా కనిపించదు.

> 28 మంది, ఒక చిన్న కొట్టు
> 1844 డిసెంబరు 21న ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి కొట్టు తెరిచారు. వాళ్లలో చాలామంది నేతగాళ్లు. అమ్మింది పిండి, వెన్న, చక్కెర, ఓట్‌మీల్, కొవ్వొత్తులు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, నగదుకే అమ్మకం, మనిషికొక ఓటు, కొన్నంత మేరకు లాభంలో వాటా. నేటి సహకార సూత్రాల మూలాలు ఆ కొట్టులోనే ఉన్నాయి.

సాంచెల గల్లీలో కొట్టు పెడితే

ఇక లింబాయత్ నేతన్న సంగతి. మీటరు లెక్కన కూలి. సాంచె ఆగితే కూలి ఆగుతుంది, కడుపు మాత్రం ఆగదు. అప్పుడు గల్లీ కిరాణా కొట్టు ఉద్దెర ఖాతానే దిక్కు. ఉద్దెర ఇచ్చేవాడు బియ్యం ఏ రకం ఇచ్చినా, ఏ ధర రాసినా కాదనడం కష్టం. రోచ్‌డేల్ నేతగాళ్ల కష్టమూ అచ్చం ఇదే. ముంబై మిల్లు కార్మికుల పేట నాయ్‌గావ్‌లో 1948లో అప్నా బజార్ పుట్టింది కూడా ఇలాంటి అవసరం నుంచే. అదే పశ్చిమ తీరంలో, అదే బట్టల పరిశ్రమలో, పెద్ద తెలుగు సమూహం ఉన్న సూరత్‌లో అలాంటి కొట్టు ఎందుకు ఉండకూడదు?

వినియోగదారుల సంఘాలకు మన దేశంలో మంచి పేరు లేని మాట నిజమే. చెన్నైలో 1904లో పుట్టిన ట్రిప్లికేన్ సంఘం లాంటివి ఒకటి రెండు మినహాయింపులు. 1966లో సర్కారు చొరవతో అట్టహాసంగా తెరిచిన ఢిల్లీ సూపర్ బజార్ 2000ల తొలినాళ్లలో మూతపడింది. కొరత కాలంలో కంట్రోలు సరుకు కోసం పుట్టినవి కొరత తీరగానే అవసరం కోల్పోయాయి. ఉద్దెర ఇచ్చి వసూలు చేసుకోలేక కొన్ని మునిగాయి. బియ్యం, నూనె మీద మిగిలేది తక్కువ, జీతాల ఖర్చు ఎక్కువ. పాల సంఘంలో సభ్యురాలి జీవనాధారమంతా దాంట్లోనే ఉంటుంది. కొట్టు సభ్యుడికి మాత్రం కిలోకు రూపాయి తగ్గితే పక్క కొట్టుకు పోయే వీలుంది. అందుకే కొనుగోళ్ల మీద ఏడాది చివర ఇచ్చే వాటా ఇక్కడ భావ్ ఫేర్ కంటే ఎక్కువ పని చేయాలి.

అన్నిటికంటే పెద్ద మెలిక రోచ్‌డేల్ నగదు నిబంధన. సాంచె ఆగిన పక్షంలో చేతిలో నగదు లేనివాణ్ణి నగదుకే కొనమంటే అతను కిరాణా సేట్ దగ్గరికే తిరిగి వెళ్తాడు. ఈ ముడి విప్పే దారి ముల్కనూరు ఆడవాళ్ల దగ్గర చూశాం. కొట్టు కంటే ముందు పొదుపు. ఆ పొదుపు నుంచి సభ్యుడికి చిన్న అప్పు, ఆ అప్పుతో కొట్టులో నగదు కొనుగోలు. అప్పు లెక్క వేరే పుస్తకంలో, సరుకు లెక్క వేరే పుస్తకంలో. రెండూ కలిపేస్తే కొట్టు ఉద్దెరలో మునుగుతుంది. సరుకు కూడా మొదట్లో నాలుగైదు రకాలకు మించకూడదు. తెలంగాణ సన్న బియ్యం, కందిపప్పు, జొన్నలు, కారం, నూనె. ఊరి నుంచి రెండు మూడు నెలలకొకసారి బస్తాలు మోసుకొచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ముల్కనూరు లాంటి రైతు సంఘం మిల్లు నుంచి నేరుగా సూరత్ నేతన్నల సంఘానికి బియ్యం రావడం ఊహకు అందని పనేమీ కాదు. అమ్మేవాళ్లూ సభ్యులే, కొనేవాళ్లూ సభ్యులే.

గుజరాత్ సహకార చట్టం ప్రకారం ఒక సంఘం నమోదుకు పది మంది చాలు. లింబాయత్‌లో పది తెలుగు ఇళ్లు ఒక్క గల్లీలోనే దొరుకుతాయి. లెక్క రాయగలిగిన అమ్మాయి ఆ పదిళ్లలో ఒకదాంట్లోనైనా ఉంటుంది. సర్కారు గ్రాంటు కోసం ఆగాల్సిన పని లేదు, కొట్టు అద్దె గురించి ఇప్పుడే బెంగ వద్దు. ఈ నెల పగార్ పడిన రోజున ఇంటికి వంద చొప్పున వేసి పొదుపు పుస్తకం తెరవాలి. ఏడాది పాటు ఆ పుస్తకం ఒక్క నెల కూడా తప్పకుండా నడిస్తే, కొట్టు గది వెతకడం అప్పుడు మొదలుపెట్టవచ్చు.